పోయినయేందో చెప్పుండ్రి

ఈ ఏడు ఏప్రిల్ ఐదో తేదీ, ఆదివారం, సాయంత్రం నాలుగూ పదికి మా పక్క వాటాలో ఎవరో పచ్చి మామిడికాయ కోశారు. నేను వరండాలో స్టూలు వేసుకుని గోడ గడియారంలో సెల్లు మారుస్తున్నాను. కత్తిపీట మీద కాయ రెండుగా చీలిన చప్పుడు, దాని వెంటే సొన వాసన గోడ దాటి వచ్చాయి. కాసేపటికి ఆ ఇంటి కోడలు ఉప్పూ కారం అద్దిన ముక్కలు పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. "తీసుకోండి ఆంటీ, మా చుట్టాల తోటలోవి" అంది. నోట్లో నీళ్ళూరాయి. అయినా, "ఇంకా కబురు రాలేదమ్మా, వచ్చాక తింటాను" అన్నాను. ఏ కబురో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. పళ్ళెం వెనక్కి తీసుకుపోతూ నా వైపు కాస్త జాలిగా చూసింది. ఆమె తప్పేం లేదు. ఈ కాలనీకి వచ్చి నాలుగు నెలలే అయింది. ముత్తమ్మను ఆమె చూడలేదు.

నేను పాల్వంచలో ఒక బడిలో లెక్కల టీచర్‌గా పనిచేసినన్నాళ్ళూ ముత్తమ్మ అక్కడ ఆయా. గంట కొట్టేది ఆమే. నా పీరియడ్ కాస్త ముందుగా ముగిసిందనిపిస్తే నేను తలుపు దగ్గరికి వచ్చి చేతి గడియారం చూసుకునేదాన్ని. గంట దగ్గర నిలబడే ఆమె అరిచేది: "చూడకు టీచరమ్మా, నీ గడియారమే జర నిదానం!" పిల్లలు పకపకా నవ్వేవాళ్ళు. నాకు కోపం వచ్చేది. ఆ కోపంతోనే మా పరిచయం మొదలైంది. ఇద్దరం ఒకే ఏడాది రిటైరయ్యాం. అప్పటికి మావారు పోయి రెండేళ్ళు. నాకు పిల్లలు లేరు. ముత్తమ్మ మా ఇంటికి రెండిళ్ళ అవతల కొడుకు సురేష్‌తో ఉండేది. సురేష్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేసేవాడు. షిఫ్టు లేని ఆదివారాల్లో మాత్రం వాళ్ళ ఊరి ఫుట్‌బాల్ జట్టుకు గోల్ కీపర్. వాళ్ళ ఊరు రేలగుంపు. టేకులపల్లి దాటి అడవిలోకి వెళితే ముప్పై గడపల కోయ పల్లె.

రిటైరైన మొదటి వేసవిలో ఒక ఆదివారం పొద్దున్నే ముత్తమ్మ నా గుమ్మంలో నిలబడింది. "టీచరమ్మా, నడువు. భద్రాచలం అవతల మనోళ్ళ ఆట ఉంది. పోయినసారి ఆ ఊరోళ్ళు టైం అయిపోయినా ఆటను సాగదీసి గోల్ కొట్టిండ్రు. నీ గడియారం ఉంటే ఎవడు నోరెత్తడు."

"నాకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు ముత్తమ్మా."

"నీకేం తెల్వనక్కర్లే. గడియారం సూడు. అది నీకు అలవాటే గదా."

అలా వెళ్ళాను. గోదావరి వంతెన దాటి, ఎండలో గంటన్నర నిలబడి, జీవితంలో మొదటిసారి ఒక ఆట ఆసాంతం చూశాను. నిజానికి ఆటకంటే ముత్తమ్మనే ఎక్కువ చూశాను. గీత పొడవునా అటూ ఇటూ పరుగెత్తుతూ తిట్టేది. అయితే తిట్లన్నీ సొంత జట్టుకే. "ఓరి పిల్లగా, బంతిని తన్నమంటే ముద్దు పెట్టుకుంటున్నవేందిరా!" "సురేషూ, గోల్‌కు తలుపన్నా పెట్టు, లేకుంటే నువ్వన్నా నిలబడు!" ఎదుటి ఊరివాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. హాఫ్ టైంకి వాళ్ళే ఆమెకు మజ్జిగ తెచ్చి ఇచ్చారు. అవతలి వాళ్ళను ఒక్క మాటా అనవేం అని అడిగాను. "పరాయి ఊరికి పోయినప్పుడు తిట్టబుద్ధయితే మనోళ్ళనే తిట్టాలె. గప్పుడే అన్నం పెడతరు" అంది.

ఆ రోజే ఆమెకున్న ఇంకో అలవాటు కూడా చూశాను. ఓడినా గెలిచినా బయలుదేరే ముందు జట్టునంతా బండి చుట్టూ నిలబెట్టి, "ఏం పోయినయేందో చెప్పుండ్రి" అనేది. ఎప్పుడో ఒకసారి ఒక ఆటగాడినే మర్చిపోయి వచ్చేశారట. ఆ కుర్రవాడు నడుచుకుంటూ మర్నాడు ఊరు చేరాడట. అప్పటినుంచీ ఈ పద్ధతి. ఒక్కొక్కరూ తమది పోయింది చెప్పాలి. "నాది మోకాలి పట్టీ." "నాది తువ్వాల." అందరూ చెప్పాక చివర ముత్తమ్మ మొత్తం కలిపి అప్పజెప్పేది: "మోకాలి పట్టీ ఒకటి, తువ్వాల ఒకటి, ఆట ఒకటి. అయిపోయింది, ఎక్కుండ్రి." ఓడిన ఆట తువ్వాల పక్కన, తువ్వాలంత చోటులో ఉండేది. ఇంటికి వచ్చి పడుకున్నాక అది తలుచుకుని నవ్వుకున్నాను. తర్వాతి ఆదివారం నేనే ముందు తయారై ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

రెండు మూడేళ్ళలో రేలగుంపు నా జట్టయిపోయింది. అది ఎంత వరకూ వెళ్ళిందో నాకు తెలిసింది మాత్రం ఎర్రుపాలెం మండలంలో ఆట పడిన రోజు. ఇప్పటికి ఎనిమిదేళ్ళయింది.

ఆ ప్రయాణంలో మాతో రాజి ఉంది. రాజి ముత్తమ్మ కూతురి బిడ్డ. అప్పుడు ఏడేళ్ళది. మిర్చి ఏరే కాలంలో తల్లీ తండ్రీ కూలికి పై ఊళ్ళకు పోతే పిల్ల అమ్మమ్మ దగ్గర ఉండేది. జట్టుకు నీళ్ళ బాటిల్లు మోయడం తన పని అని అదే నిర్ణయించుకుంది. తన పొడుగులో సగం ఉన్న సంచీ భుజాన వేసుకుని, ఎవరైనా అందుకోబోతే చెయ్యి కొట్టేసేది. ముఖ్యంగా సురేష్ మామకు నీళ్ళు ఇంకెవరూ ఇవ్వకూడదు. సురేష్ కూడా గోల్ దగ్గరికి వెళ్ళే ముందు దాని తలమీద చేతి గ్లోవ్స్ రెండూ ఒకసారి ఆనించి వెళ్ళేవాడు. అది వాళ్ళిద్దరి మధ్య మొక్కులాంటిది.

పొద్దున ఆరూ ఇరవైకి పాల్వంచలో బస్సెక్కి, కొత్తగూడెంలో జట్టు వచ్చిన డీసీఎం వ్యాను ఎక్కాం. ఖమ్మం దాటి మధిర దారి పట్టేసరికి టేకు చెట్లు ఎప్పుడో వెనకపడ్డాయి. దారి పొడవునా కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు, అందరికీ తుమ్ములు. రాజి తుమ్మిన ప్రతిసారీ ముత్తమ్మ "చిరంజీవ" అనేది. వ్యానంతా "చిరంజీవ" అని గొంతు కలిపేది. ఆ తర్వాత మామిడి తోటలు మొదలయ్యాయి. ఆ మట్టి నాకు తెలుసు. నేను పుట్టింది మధిర పక్కనే. మా తాతలు కృష్ణా వైపునుంచి వచ్చి అక్కడ భూములు కొన్నవాళ్ళు. ఆ తోటల్లోనే నేను గౌను జేబులో ఉప్పు పొట్లంతో తిరిగాను.

ఆ ఊరివాళ్ళు మర్యాద తెలిసినవాళ్ళు. పోటీ పెట్టిన రైతు ఇంటి పెరట్లోనే వచ్చిన జట్టుకు భోజనాలు. ఆ ఇంటి పెద్దావిడ రామలక్ష్మమ్మ గారు స్వయంగా వడ్డనకు నిలబడింది. నా కట్టూ బొట్టూ చూసి, "మీరు ఎవరి తాలూకండీ? మా వైపు మనిషిలాగున్నారే!" అంది. మా ఊరి పేరు చెప్పాను. "మరి వీళ్ళతో ఏమిటండీ?" అని గొంతు తగ్గించింది.

"నేను రేలగుంపు తాలూకండీ" అన్నాను. ముత్తమ్మ విస్తరి వెనక మూతి దాచుకుని నవ్వింది.

వడ్డన మొదలయ్యాక తేడా వచ్చింది. ఘుమఘుమలాడే మామిడికాయ పప్పు. పక్కన ఆ వారమే కలిపిన కొత్త ఆవకాయ. కుర్రాళ్ళెవరూ ముట్టుకోలేదు. పప్పు గరిటె దగ్గరికి రాగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, వట్టి అన్నంలో మజ్జిగ పోయించుకుంటున్నారు. రామలక్ష్మమ్మ గారి ముఖం మారిపోయింది. గరిటె గిన్నెలో పడేసి, "ఏం బాబూ, మా ఇంటి పప్పు పనికిరాదా? పొద్దుననగా పొయ్యి దగ్గర నిలబడ్డాను!" అంది.

ముత్తమ్మ విస్తరి ముందునుంచి లేచింది. "అమ్మా, తప్పు పట్టకు. మా ఊళ్ళె ఇంకా మామిడికాయ పండుగ కాలె. కొత్తకాయ దేవతకు పెట్టకుండ మేం నోట బెట్టం. నీ పప్పు వాసనకే మా పోరలు సగం సచ్చిండ్రు, సూడు వాళ్ళ మొకాలు."

పెద్దావిడ ఆ ముఖాలు చూసింది. నిజంగానే అవి చచ్చినట్టున్నాయి. "అయ్యో, ముందే కబురు పంపకూడదూ! మాకేం తెలుస్తుంది" అంటూ లోపలికి పోబోయి, గుమ్మంలో ఆగి, "కిందటేటి ఆవకాయ జాడీ అడుగున కాస్త ఉంది. అదైనా కూడదా?" అంది.

ముత్తమ్మ రెండు క్షణాలు ఆలోచించింది. జట్టంతా ఆమె నోటివంకే చూస్తోంది. "నిరుటి కాయకు నిరుడే పండుగ అయిపోయింది గదమ్మా. దానికి ఏం అడ్డం? తే తే!" అంది. పెరడంతా ఘొల్లుమంది. జాడీ అడుగు కనిపించేదాకా పోరలు వదల్లేదు.

ఆట నాలుగూ అయిదుకు మొదలైంది. నేను గీత దగ్గర గడియారంతో కూర్చున్నాను. రామలక్ష్మమ్మ గారి మనవరాలు, రాజి ఈడుదే, రాజిని చెయ్యి పట్టుకుని తోటలోకి లాక్కుపోయింది. వాళ్ళు తిరిగి వస్తున్నప్పుడు అలవాటుగా టైం చూశాను. నాలుగూ ఇరవై. నాలుగూ ముప్పై ఒకటికి మనవాళ్ళు గోల్ కొట్టారు. ముత్తమ్మ నన్ను కావలించుకుని గిరగిరా తిప్పింది.

హాఫ్ టైంకి రాజి సంచీ మోసుకుంటూ మామ దగ్గరికి పరుగెత్తింది. బాటిల్ అందిస్తున్న చెయ్యి దగ్గర సురేష్ ఆగిపోయాడు. వంగి పిల్ల మూతి చూశాడు. పెదాల చుట్టూ కారం.

"ఏం తిన్నవే?"

రాజి రెండో చెయ్యి పిడికిలి బిగించి వీపు వెనక దాచుకుంది. సురేష్ ఆ వేళ్ళు విప్పాడు. కొరికిన పచ్చి మామిడి ముక్క.

"తిననని చెప్పిన. ఆ పిల్ల నోట్ల పెట్టింది" అంది రాజి, వినీ వినబడకుండా. అది అబద్ధమో నిజమో ఎవరూ అడగలేదు. ఆటగాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సురేష్ నీళ్ళు తాగకుండానే గోల్ దగ్గరికి పోయాడు. ఆ రోజు ఆ గ్లోవ్స్ పిల్ల తలకు తగలలేదు.

రెండో సగంలో మన మీద రెండు గోల్స్ పడ్డాయి. మొదటిది ఎవరూ ఆపలేనిది. రెండోది చిన్న పిల్లలైనా పట్టే బంతి, సురేష్ చేతుల్లోంచి జారి కాళ్ళ మధ్యనుంచి పోయింది. రాజి గోల్ వెనక వల దగ్గరే నిలబడి ఉంది. బంతి వచ్చి దాని ముందే ఆగింది.

ఆట అయిపోయాక సురేష్ గ్లోవ్స్ వ్యానులోకి విసిరేసి, "ఇగ ఈ పిల్లను ఏ ఆటకూ తేవద్దమ్మా. ఊళ్ళె పెద్దలకు తెలిస్తే ఏమంటరు? ఈ ఏడు ఏది చెడినా దీని పేరే చెప్తరు" అన్నాడు. కోపం కన్నా భయం ఎక్కువ ఉంది ఆ గొంతులో. రాజి వ్యాను టైరుకు ఆనుకుని నిలబడి వెక్కిళ్ళు పెడుతోంది. "నా వల్లే ఓడిపోయిండ్రు టీచరమ్మమ్మా. నా వల్లే" అంటోంది.

నాకు తెలిసిన పద్ధతిలో నేను సర్దిచెప్పబోయాను. "చూడు సురేష్, పిల్లలు తోటలోంచి వచ్చింది నాలుగూ ఇరవైకి. మన గోల్ నాలుగూ ముప్పై ఒకటికి. అంటే కాయ తిన్నాకే మనం గోల్ కొట్టాం. మామిడికాయ వల్లే ఓడితే ఆ గోల్ ఎలా వచ్చింది?" అన్నాను. లెక్కలో తప్పేమీ లేదు. సురేష్ నేల చూశాడు. రాజి ఇంకా గట్టిగా ఏడ్చింది.

ముత్తమ్మ అందరినీ బండి చుట్టూ నిలబెట్టింది. "ఏం పోయినయేందో చెప్పుండ్రి."

ఒకడు గొణిగాడు: "నాది చెప్పు. ఎడమ కాలిది." నా గొడుగు కనబడటం లేదని నేను చెప్పాను. ముత్తమ్మ రాజి వైపు తిరిగింది. "ఈసారి నువ్వు కలుపు బిడ్డా. మొత్తం చెప్పు."

రాజి ముక్కు తుడుచుకుంది. "చెప్పు ఒకటి. గొడుగు ఒకటి. ఆట ఒకటి... నా వల్ల."

"మళ్ళ చెప్పు."

"ఆట ఒకటి. నా వల్ల."

"చెప్పు ఎవని వల్ల పోయిందో చెప్పినవా? గొడుగు ఎవరి వల్ల పోయిందో చెప్పినవా? మరి ఆటకెందుకు? పోయింది చెప్పాలె. ఎవరి వల్ల అనేది మన లెక్కల ఉండదు. ఇన్నేండ్లల్ల ఎప్పుడన్న ఉన్నదా? మీ మామ కాళ్ళ సందు నుంచి ఎన్ని పోయినయో నేనెప్పుడన్న చెప్పిన్నా?"

ఎవరో కిసుక్కుమన్నారు. సురేష్ తల వంచుకున్నాడు గానీ పెదవి కొస వణికింది. రాజి ఊపిరి గట్టిగా పీల్చి చెప్పింది: "చెప్పు ఒకటి. గొడుగు ఒకటి. ఆట ఒకటి."

"అయిపోయింది. ఎక్కుండ్రి."

మధిర దాటకముందే పిల్ల నా ఒళ్ళో నిద్రపోయింది. చేతులు ఇంకా మామిడి వాసన వేస్తున్నాయి.

ఇంకా ఊరి సంగతి మిగిలింది. రెండు వారాల తర్వాత పండుగకు ముత్తమ్మ నన్నూ రేలగుంపు తీసుకుపోయింది. రేల చెట్లు పసుపుపచ్చగా విరగబూసి ఉన్నాయి. రాజి దారంతా నా చీర కుచ్చెళ్ళు వదల్లేదు. కొత్తకాయలు దేవత ముందు పెట్టక ముందు పూజ చేసే పెద్దాయన అందరినీ చూసి, ముందే నోట పెట్టినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. ముత్తమ్మ ముందుకు వెళ్ళింది.

"మా ఇంట్ల తిన్నరు" అంది.

"ఎవరు?"

"మా ఇంట్ల."

పెద్దాయన ఆమెను చూశాడు. నా కుచ్చెళ్ళ వెనక నక్కిన పిల్లను కూడా చూశాడనే అనుకుంటాను. "అయితే మీ ఇంటినుంచి ఇంకో కోడి" అన్నాడు, అంతే. ఆ కోడి నేను తెస్తానని ముత్తమ్మ చెవిలో చెప్పాను. "నువ్వు మా ఇల్లేనా?" అంది. మళ్ళీ తనే, "అయితే వచ్చే ఏడునుంచి పండుగ కాకుండ కాయ ముట్టకు. గప్పుడు సూద్దాం" అంది. కోడి మాత్రం ఆమే ఇచ్చింది.

పూజ అయ్యాక ముక్కలు పంచారు. రాజి చెయ్యి చాపలేదు. సురేష్ ఒక ముక్క తీసుకువచ్చి దాని అరచేతిలో పెట్టాడు. "జల్దీ తిను. వచ్చే ఆదివారం భద్రాచలంల ఆట ఉంది. బాటిల్లు నేను మొయ్యాల్నా ఏంది?" అన్నాడు. ఖాళీ చేతులు రెండూ దాని తలమీద ఆనించాడు. రాజి ఆ ముక్కను టెంక వరకూ కొరికింది. ఆ సాయంత్రం తిన్న కాయ పుల్లదనం నాకు ఇప్పటికీ నాలుక మీద ఉంది.

నిరుడు వానాకాలంలో ముత్తమ్మకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే, రేపు తగ్గుతుంది, ఎల్లుండి తగ్గుతుంది అనుకున్నాం. దవాఖానాకు తీసుకుపోయేసరికి ఆలస్యమైంది. మూడో రోజు తెల్లవారుతుండగా పోయింది. రేలగుంపులోనే అన్నీ జరిగాయి. జట్టు జట్టంతా వచ్చింది. అన్నీ అయ్యాక సురేష్ ఇంటి వెనక రాయి మీద కూర్చుని, "నా వల్లే టీచరమ్మా. ఆదివారం ఆట ఉందని ఆగిన. ఒక్కరోజు ముందు తీసుకపోతే బతికేది. నా వల్లే" అన్నాడు. ఆ ఒక్కరోజు లెక్క నేనూ లోలోపల చాలాసార్లు వేసుకున్నాను. రాజి అప్పటికి పధ్నాలుగేళ్ళది. బడి జట్టులో తనే ఆడుతోంది. అది వచ్చి మామ పక్కన కూర్చుంది. గ్లోవ్స్ లేని రెండు చేతులూ అతని తలమీద ఆనించింది.

"ఎవరి వల్ల అనేది మన లెక్కల ఉండదు మామా" అంది.

సురేష్ అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

ఆ వాసన వచ్చిన ఆదివారం తర్వాత మరో ఎనిమిది రోజులు ఆగాను. పక్కింటి అమ్మాయి ఇంకోసారి ముక్కలు తెచ్చింది, ఇంకోసారి వెనక్కి పంపాను. సోమవారం సాయంత్రం ఫోన్ మోగింది. వెనక డోలు, అరుపులు, ఎవరినో ఎవరో తిట్టడం. "టీచరమ్మమ్మా, పండుగ అయింది. తిను. నీ కాయ సురేష్ మామతోని పంపుతున్న" అంది రాజి. "అట్లనే, వచ్చే ఆదివారం మా ఆట పాల్వంచ అవతల ఉంది. గడియారం తీసుకుని రా. ఆ ఊరోళ్ళ మీద నమ్మకం లేదు నాకు."

వెళతాను. ఆ రోజు కూడా బయలుదేరే ముందు బండి చుట్టూ నిలబడతాం. కలిపి చెప్పేది ఇప్పుడు రాజి. వీలైతే ఎర్రుపాలెం లెక్కను కూడా ఒకసారి పూర్తిగా అప్పజెప్పమని అడుగుతాను. అక్కడ అప్పజెప్పింది సగమే, ఆ తర్వాత పోయినవి అందులో కలవలేదు.

చెప్పు ఒకటి, ఎడమ కాలిది. గొడుగు ఒకటి. ఆట ఒకటి. కోడి ఒకటి. ముత్తమ్మ.